మూడో అంతస్తులో చేపకళ్ళు

తను పూత వేసిన చెక్కనేలను కియెమ్ నిలబడి చూసే మనిషి కాదు. మోకాళ్ళ మీద వంగి, చెంప చెక్కకు ఆనించి, టార్చిలైటును అవతలి గోడ దగ్గర నేలమీదే పడుకోబెట్టి చూస్తాడు. పైనుంచి అద్దంలా మెరిసే నేల కూడా ఆ వాలు వెలుతురులో తన లోపాలన్నీ బయటపెట్టేస్తుంది. తడి పూత మీద వాలి అతుక్కుపోయిన దుమ్ము నలుసు, డబ్బాను మెల్లగా కలపకుండా ఊపేసినందుకు మిగిలిన గాలిబుడగ, అంచు ఆరిపోయాక మళ్ళీ పూసినచోట పడే అతుకు గీత, గోడమూలకు జారి గడ్డకట్టిన బొట్టు. ఒక్కోదానికీ ఒక్కో మందు ఉంది. నలుసును సరుకులు తెచ్చుకున్న కాగితపు సంచి ముక్కతో రుద్దితే చాలు. బొట్టును బ్లేడుతో పలచగా చెక్కి, సన్నటి ఎమిరీ కాగితంతో నునుపు చేసి మళ్ళీ పూయాలి. అతుకు గీత దగ్గర మాత్రం అడ్డదారి లేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఆ పలకలన్నీ గరుకు చేసి, ఆగకుండా ఒక్క ఊపున మళ్ళీ పూయాల్సిందే.

ముప్పై రెండేళ్ళుగా అతని బతుకు ఇదే. వలస వచ్చి స్థిరపడిన డార్చెస్టర్‌లో అతని ఈడు వియత్నాం మగవాళ్ళను పదిమందిని నిలబెడితే అందులో అయిదుగురు ఎప్పుడో ఒకప్పుడు చెక్కనేలలు గీకి పూత వేసినవాళ్ళే ఉంటారు. భాష రాకపోయినా యంత్రం మాట వింటుంది. చాలామంది నడుములు పడిపోయో, దగ్గు పట్టుకునో మానేశారు. కియెమ్ మానలేదు. తను చేసిన నేలలో లోపం ఉందన్న మాట ఇంతవరకూ ఎవరి నోటా వినలేదని అతనికి గర్వం. లోపాలు రావని కాదు. వస్తాయి. ఎవరూ చూడకముందే అతను చూస్తాడు. ఎవరికీ తెలియకముందే మాయం చేస్తాడు.

ఆ సెప్టెంబరులో అతను పట్టుకున్న నేల పరాయివాళ్ళది కాదు, తన ఇంటి మూడో అంతస్తుదే. కింది అంతస్తు అద్దెకిచ్చారు. ఆ మొగుడూ పెళ్ళాలు పొద్దున్నే పనికి పోతే రాత్రికి గానీ రారు. రెండో అంతస్తులో కియెమ్, అతని భార్య సెన్. మూడో అంతస్తులో కియెమ్ తల్లి ఉండేది. మూడేళ్ళ క్రితం ఆ గదిలోనే, కిటికీ పక్క మంచం మీదే పోయింది. ఇప్పుడు ఆ వాటాలోకి కూతురు ఉయెన్ రాబోతోంది, బిడ్డతో. అల్లుడు దూరాలకు లారీ తోలతాడు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు.

బిడ్డ ఏడో నెల నిండగానే పుట్టేసింది. పుట్టినప్పుడు కిలోన్నర కూడా లేదు. అసలు పేరు కాగితం మీద ఉంది కానీ, ఏ గాలీ కన్నేయకుండా అందరూ ‘కున్’ అని పిలుస్తున్నారు. కుక్కపిల్ల అని అర్థం. ఆరు వారాలుగా ఆసుపత్రి గాజుపెట్టెలో ఉంది. ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడలేదని, పందొమ్మిది రోజుల్లో, ఒక శనివారం నాడు ఇంటికి పంపిస్తామని డాక్టర్లు చెప్పారు. ఉయెన్ మళ్ళీ పనిలో చేరాక పగలంతా బిడ్డను చూసుకునేది కియెమే. అందుకోసమే అతను ఆ ఏడాదితో పని మానేద్దామనుకున్నాడు.

“నాన్నా, నేల చెయ్యకపోతే ఏం? పాత తివాచీ తీసేస్తే సరిపోదూ?” అంది ఉయెన్ ఫోనులో.

“తివాచీ కింద నలభై ఏళ్ళ దుమ్ముందమ్మా. బిడ్డ ఊపిరికి అది విషం.”

“మరి నీ పూత వాసనో?”

“నీళ్ళలో కలిసే రకం వేస్తాను. మూడు పూతలు. ఆ తర్వాత ఓ వారం కిటికీలు తెరిచి వదిలేస్తే ఏ వాసనా మిగలదు. శనివారానికి నీ ముక్కు పెట్టి చూసుకో.”

అతని లెక్క బాగానే ఉంది. ఆ గదికి పొద్దుటి ఎండ సూటిగా పడుతుంది. ఎండలో పూస్తే పైపొర ముందే ఆరిపోయి లోపలి గాలి బుడగలై నిలబడిపోతుంది. కాబట్టి ఉదయం గీకి, దుమ్ము లాగి, తడిగుడ్డతో తుడవడం. మధ్యాహ్నం కిందికి దిగి అన్నం తిని, కాసేపు కునుకు తీయడం. ఎండ గోడ దాటాక మూడింటికి పైకెళ్ళి పూత వేయడం. రెండు రోజుల్లో నేల కొత్త ఓక్ చెక్క రంగుకు తిరిగింది. మూడో రోజు మూడింటికి మొదటి పూత పోశాడు.

కిటికీ వైపు నుంచి తలుపు వైపుకు, చెక్క వాటంలోనే, ఇంగ్లీషు ‘టి’ అక్షరం ఆకారపు కర్రతో పాలమీగడలాంటి పూతను లాక్కుంటూ వెనక్కి నడిచాడు. తలుపు దాకా వచ్చి తలెత్తి చూసేసరికి నేల అతన్ని చూస్తున్నట్టుంది.

చేపకళ్ళు. పనివాళ్ళు వాటిని అలాగే అంటారు. చెక్క మీద ఎక్కడైనా నూనె ఉంటే పూత అక్కడ నిలవదు. రెండింటి తలతన్యతలూ వేరు. పూత చుట్టూ వెనక్కి జరిగిపోయి, మధ్యలో గుండ్రంగా చిన్న గుంట మిగులుతుంది, రెప్పలేని కన్నులాగా. ఒకటో రెండో అయితే కియెమ్ పట్టించుకునేవాడు కాదు. ఇవి వందల్లో ఉన్నాయి, గుంపులు గుంపులుగా. వంగి, చెంప గడపకు ఆనించి, టార్చి వెలిగించాడు. ఒక్కో గుంపూ ఒక పాదం.

అయిదు వేళ్ళు, మడమ, మధ్యలో వంపు. బొటనవేలు పక్కవేళ్ళతో సంబంధం లేనట్టు బయటికి తిరిగి ఉంది. తలుపు దగ్గర మొదలై కిటికీ పక్క గోడ దాకా పదకొండు అడుగులు. గోడకు మూరెడు దూరంలో రెండు పాదాలూ పక్కపక్కనే ఆగి ఉన్నాయి. ఆ తర్వాత తిరుగు అడుగులు.

పాదాలు ఆగిన చోట ఉయెన్ రంగు పెన్సిలుతో గోడ మీద గుర్తు పెట్టుకుంది, బిడ్డ ఉయ్యాలమంచం అక్కడ వేయాలని. మూడేళ్ళ క్రితం తల్లి మంచం ఉన్నదీ అక్కడే.

గదిలో పూత వాసన కింద ఇంకేదో చల్లటి వాసన తగిలింది. కర్పూరం, పుదీనా కలిసినట్టుండే వాసన. అతని తల్లి వాసన అది.

* * *

“ఎవరు పైకెళ్ళారు?” అని అడిగాడు సాయంత్రం సెన్ ఆసుపత్రి నుంచి రాగానే.

“నేను పన్నెండున్నరకి నీ అరికాళ్ళకు మందు రాసి, ఉయెన్‌కి జావ పట్టుకుని బస్సెక్కాను. నువ్వప్పటికే గురక పెడుతున్నావు. ఇంట్లో నువ్వు తప్ప ఎవరున్నారు?”

“తలకి రాసుకునేదో, చేతులకి రాసుకునే క్రీమో, వంటనూనో, ఏదైనా పైకి తీసుకెళ్ళావా?”

“నీ నేల దగ్గరికి నూనె తీసుకెళ్ళే ధైర్యం నాకుందా? పెళ్ళైన కొత్తలో జుట్టుకి నూనె రాసుకుని గుమ్మంలో నిలబడ్డానని మూడు రోజులు మాట్లాడలేదు నువ్వు.”

ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలో ఏ వియత్నాం ఇంట్లోనైనా అందరి జేబుల్లో ఓ చిన్న పచ్చసీసా ఉంటుంది. జలుబుకు, తలనొప్పికి, కడుపునొప్పికి, దోమకాటుకు, దిగులుకు అదే. చంటిపిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా రొంప చేస్తే అరికాళ్ళకు రుద్ది సాక్సు తొడుగుతారు. పేరులోనే నూనె ఉన్నా దాన్ని ఎవరూ నూనెగా లెక్కెయ్యరు, అది మందు. ముప్పై రెండేళ్ళుగా ఎవరి జేబులో లిప్‌స్టిక్కున్నా ఇంట్లోంచి గెంటేసే కియెమ్‌కు కూడా తన అరికాళ్ళు గుర్తు రాలేదు.

పాదాల సంగతి చెప్పగానే సెన్ చేతిలో గిన్నె కింద పెట్టేసింది. పైకెళ్ళి, గుమ్మంలోంచే వంగి చూసి, గాలి పీల్చి, నోటికి అరచేయి అడ్డం పెట్టుకుంది.

“బొటనవేలు చూడు. అత్తయ్యే. ఇంకెవరొస్తారు? మన చాంద్రమానంలో ఏడో నెల ఇది, పోయినవాళ్ళకి తలుపులు తెరిచే నెల. మునిమనవరాలి కోసం వచ్చింది.”

“చచ్చిపోయినవాళ్ళ కాళ్ళకి నూనె ఎక్కణ్ణుంచొస్తుందే?”

“ఆఖరి రోజు ఆవిడ కాళ్ళకి మందు రాసింది నేనేనయ్యా.”

లోపానికి కారణం ఉండి తీరుతుందన్నది కియెమ్ నమ్మకం. కారణం తెలియకపోయినా మందు మాత్రం తెలుసు. మర్నాడు పూత గట్టిపడ్డాక ఆ పాదాలన్నీ ఎమిరీ కాగితంతో చెక్క కనబడేదాకా రుద్దాడు. గుడ్డకు థిన్నర్ తడిపి, ఒక్కసారి తుడిచి ఆ గుడ్డ పారేసి, మళ్ళీ కొత్త గుడ్డతో తుడిచాడు. అదే గుడ్డతో రెండోసారి తుడిస్తే నూనెను పోగొట్టినట్టు కాదు, పక్కకు పులిమినట్టు. తర్వాత పలచగా లక్క పూత వేశాడు. కింద మిగిలిన నూనెను లక్క పైకి రానివ్వదు. ఆ వాసన పోవడానికి రెండు రోజులు. మళ్ళీ గది అంతా గరుకు చేయడం ఒక పూట. తాళం వేసి, తాళంచెవి వంటింట్లో మేకుకు తగిలించాడు. పద్నాలుగు రోజులు మిగిలాయి.

ఉదయమంతా గీకి, తుడిచి, అన్నం తిని, పడుకుని లేచి, మూడింటికి తాళం తీసి పూత లాగాడు.

పదకొండు అడుగులు. గోడ దగ్గర రెండు పాదాలు. తిరుగు అడుగులు.

* * *

బూ అతని దగ్గర పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాడు. నోరు ఊరుకోదు కానీ చెయ్యి మంచిది. ఆదివారం పొద్దున బీరు డబ్బాతో వచ్చి, గుమ్మంలో బోర్లా పడుకుని పాదాలను చాలాసేపు చూశాడు.

“అన్నా, మీ అమ్మ బతికుండగా నా పనికి ఎన్ని వంకలు పెట్టేదో గుర్తుందా? మూల సరిగ్గా గీకలేదు, ఇక్కడ గీత పడింది అని. చచ్చాక కూడా తనిఖీ మానలేదన్నమాట.”

“నోర్మూసుకుని కాగితం అందుకో.”

“నేను ముట్టను. నా మీద పడితే? నాకసలే పెళ్ళాం ఒకతి చాలు.”

“ఒరే, ఎవరో తాళం తీసి వస్తున్నారు. దొంగతాళం.”

“వచ్చి ఏం చేస్తున్నాడు? గోడకి దండం పెట్టి పోతున్నాడా?” అని నవ్వబోయి ఆగాడు బూ. డబ్బా పక్కన పెట్టాడు. “అన్నా, తప్పుగా అనుకోకు. పోయిన నెల క్విన్సీలో ఆ డాక్టరుగారింట్లో నువ్వు భోజనం చేసి గోడకానుకుని పడుకున్నావు. నేను కారులోంచి ఎమిరీ బిళ్ళలు తెచ్చేసరికి హాలు మధ్యలో నిలబడున్నావు, కిటికీ వైపు తిరిగి. చేతులిలా గుండెకి ఆనించుకుని. మూడుసార్లు పిలిచాను.”

“ఏదో ఆలోచిస్తూ ఉండి ఉంటాను.”

“అదే అన్నావు అప్పుడు కూడా. అంతకుముందు మిల్టన్‌లో అంచులు గీకే మిషను ఆన్ చేసి అక్కడే వదిలేసి బయటికొచ్చేశావు. నేనెవరికీ చెప్పలేదు.”

“చెప్పడానికేముంది అందులో?”

“ఏం లేదు,” అన్నాడు బూ. “మనమిద్దరం ఎన్నేళ్ళు ఆ పాత లక్కసీలరు పూత ఘాటు పీల్చాం అన్నా. కిటికీలు మూసేసి, దుమ్ము వాలకూడదని. నాకిప్పుడు నా పిల్లల పుట్టిన రోజులు గుర్తుండవు. నీకేం లేదంటే నీ అదృష్టం.”

ఆ సాయంత్రం సెన్ పెరట్లో చిన్న బల్ల వేసి పలచటి జావ గిన్నెలు, చెరుకు ముక్కలు, ఉప్పు, బియ్యం పెట్టింది. అగరుబత్తీలు వెలిగించి, దిక్కులేని ఆత్మలన్నీ తిని తృప్తిగా వెళ్ళమంది. ఉప్పూ బియ్యం నాలుగు దిక్కులా చల్లింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, “అత్తయ్యా, పిల్ల ఇంకా నలుసంత ఉంది. చూసిపో, ముట్టుకోకు,” అంది. ఆ మాట కియెమ్‌కు మెట్ల మీద వినబడింది. వీపు మీద చల్లటి చెయ్యి వేసినట్టయింది.

మళ్ళీ రుద్దాడు. మళ్ళీ థిన్నర్, మళ్ళీ లక్క. ఉయెన్ ఫోన్ చేసినప్పుడల్లా “అయిపోయింది, చివరి పూతే” అన్నాడు. కున్‌కు గొట్టం తీసేశారని, దానంతటదే ఊపిరి తీసుకుంటోందని, ఒక్కోసారి మాత్రం మర్చిపోతుందని చెప్పింది ఉయెన్.

“మర్చిపోవడమేంటి?”

“నిద్రలో ఊపిరి తీసుకోవడం మర్చిపోతుంది నాన్నా. మిషను కూస్తుంది. అరికాలు తడితే మళ్ళీ గుర్తొస్తుంది.”

అతను ఫోను పెట్టేసి చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు. పది రోజులు మిగిలాయి.

* * *

మనుషుల్ని నమ్మలేనప్పుడు నేలను అడగడమే. మర్నాడు ఉదయం గది గరుకు చేయడం అయ్యాక కియెమ్ దుమ్ము లాగలేదు. యంత్రపు సంచిలో నిండిన ఓక్ పొడిని సెన్ పిండి జల్లెడలో పోసి, కిటికీ నుంచి తలుపు దాకా వెనక్కి నడుస్తూ గది అంతటా జల్లించాడు. టాల్కం పొడిలా మెత్తగా, మంచులా సమంగా పరుచుకుంది. తాళం వేశాడు. చెవి మేకుకు తగిలించాడు. తాళంచెవి మీద తన తెల్లవెంట్రుక ఒకటి అడ్డంగా పెట్టాడు. ఆ చిన్నపిల్లల చేష్టకు తనకే నవ్వొచ్చింది.

చేపల పులుసుతో అన్నం తిన్నాడు. దగ్గు వచ్చింది. సెన్ అతని పాదాలు ఒళ్ళో పెట్టుకుని, పచ్చసీసా వంచి, అరికాళ్ళు వేడెక్కేదాకా రుద్దింది.

“ఏమయ్యా, ఈసారి కూడా వస్తే పంతుల్ని పిలుద్దాం. నువ్వు కాదనకూడదు.”

“సరే.”

సాక్సు తొడిగి దుప్పటి కప్పి ఆమె వెళ్ళిపోయింది. కింది తలుపు మూసుకున్న చప్పుడు విన్నాడు. నిద్రపట్టింది. కల ఏదీ లేదు. తర్వాత అందరూ అడిగారు, డాక్టరు కూడా అడిగాడు. కల లేదు. మధ్యాహ్నం నిద్రలో ఉండే తెల్లటి ఖాళీ తప్ప ఏమీ లేదు.

మెలకువ వచ్చేసరికి రెండూ నలభై. మంచం అంచున కూర్చుని కాళ్ళు కిందికి వేశాడు. పాదాలకు సాక్సు లేవు. దుప్పట్లో వెతికాడు, మంచం కింద వెతికాడు. వంగినప్పుడు కుడి బొటనవేలి సందులో ఏదో ఇరుక్కున్నట్టు అనిపించి వేలితో తీశాడు. మీగడ రంగు ముద్ద. రెండు వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా నలిగింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఓక్ పొడి, దాన్ని ముద్దచేసిన పచ్చమందు.

కాలెత్తి అరికాలు చూసుకున్నాడు. తెల్లగా ఉంది, పిండిలో నడిచినట్టు.

లేచి వంటింట్లోకి వెళ్ళాడు. మేకుకు తాళంచెవి లేదు. మెట్ల మొదట్లో సాక్సు ఉన్నాయి. విసిరేసినట్టు కాదు, ఒకదాని మీద ఒకటి, చక్కగా మడిచి ఉన్నాయి. కొత్త నేల ఎక్కే ముందు చెప్పులు విడిచి పక్కన పెట్టే మనిషి పెట్టినట్టు. ప్రతి మెట్టు మీదా పొడి అడుగు, కిందికి వచ్చేకొద్దీ మాసిపోతూ.

తలుపు తెరిచే ఉంది. తాళంచెవి తాళంలో ఉంది.

అలవాటు చొప్పున గడప దగ్గర వంగాడు. చెంప ఆనించాడు. టార్చి నేలమీద పెట్టాడు. పొడిలో పదకొండు అడుగులు, ఒక్కటి కూడా తడబడకుండా, బొటనవేళ్ళు బయటికి తిరిగి. తల్లి పాదాలే. తల్లి నుంచి అతనికి వచ్చిన పాదాలు. దొంగతాళం లేదు, దయ్యం లేదు. ఇంతకుముందు నిద్రలోనే మళ్ళీ తాళం వేసి, చెవి మేకుకు తగిలించి, సాక్సు తొడుక్కుని పడుకున్నాడన్నమాట. ఇంతకాలం ఎవరికో భయపడ్డాడు. ఇప్పుడు భయపడడానికి ఎదురుగా ఎవరూ లేరు.

గోడ దగ్గర ఆగిన రెండు పాదాల గుర్తులు మాత్రం స్పష్టంగా లేవు. అవి అటూ ఇటూ చెరిగి ఉన్నాయి. ఎడమవైపుకు, కుడివైపుకు, మళ్ళీ ఎడమవైపుకు, లెక్కలేనన్నిసార్లు. మొదట అర్థం కాలేదు. తర్వాత అతని ఒళ్ళే అతనికి చెప్పింది. బిడ్డను గుండెకు ఆనించుకుని జోకొట్టే మనిషి బరువు అలాగే ఓ కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతుంది. ఉయెన్‌ను అతను అలా ఎన్ని రాత్రులు ఊపాడో.

ఇక్కడ గంటసేపు నిలబడి ఉంటాడు. ఊపుతూ. చేతుల్లో ఏమీ లేకుండా.

మూల చీపురు ఉంది. వాక్యూమ్ ఉంది. ఇరవై నిమిషాల పని. కారణం తెలిసిపోయింది కాబట్టి రేపటి నుంచి మధ్యాహ్నం పడుకోకపోతే సరి, మందు రాయించుకోకపోతే సరి. మూడు పూతలు వేయొచ్చు, శనివారానికి నేల అద్దంలా ఉంటుంది. ఎవరూ చూడకముందే చూశాడు. ఎవరికీ తెలియకముందే మాయం చేయగలడు. చీపురు అందుకున్నాడు కూడా.

గోడ మీద ఉయెన్ పెన్సిలు గుర్తు కనబడింది. తొమ్మిది రోజుల తర్వాత అక్కడ ఉయ్యాలమంచం ఉంటుంది. చేతులకు ఏదో ఒకటి దొరుకుతుంది. ఆ చేతులు దాన్ని ఎత్తుకుంటాయి. ఆ తర్వాత పదకొండు అడుగులు, మెట్లు. నిద్రలో ఊపిరి మర్చిపోయే బిడ్డ, నిద్రలో తనను తాను మర్చిపోయే తాత.

చీపురు గోడకు ఆనించి, మెట్ల మీద కూర్చుని, కూతురికి ఫోన్ చేశాడు.

* * *

ఉయెన్ అయిదింటికి వచ్చింది. నిద్రలేక కళ్ళు లోపలికి పోయాయి. గుమ్మంలో నిలబడి చూసింది. అతను చెప్పాల్సిందంతా చెప్పాడు, క్విన్సీ సంగతి, మిల్టన్ సంగతి కూడా. ఆమె చెరిగిన పాదాల వైపు చూపించింది.

“ఏం ఎత్తుకున్నావు నాన్నా అక్కడ?”

“తెలీదమ్మా.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“ఈ నేల చెప్పిందే నాకూ తెలుసు.”

ఆమె మెట్ల మీద అతని పక్కన కూర్చుంది. “దీన్ని తుడిచేసి ఉంటే నాకు తెలిసేదే కాదు.”

“చీపురు పట్టుకున్నాను.”

“తెలుసు. చేతులకి దుమ్ముంది.” అతని వేళ్ళ మీది పొడి దులుపుతూ అంది, “పగలు కున్‌ని చూసుకోవడానికి ఎవరినైనా పెట్టుకుంటాను. నువ్వు కిందే ఉంటావు. నీ దగ్గరికి తీసుకొస్తాను, నేనుండగా ఎత్తుకుందువు గానీ. నువ్వు మేలుకుని ఉన్నప్పుడు.”

“తలుపుకి లోపల గడియ పెడతాను,” అన్నాడు కియెమ్. “ఎత్తుగా. లోపలివాళ్ళకి తప్ప అందకుండా.”

“నువ్వే పెడతావా?”

“ఇంకెవరు పెట్టినా వంకరగా పెడతారు.”

ఆమె నవ్వింది. తర్వాత అతని భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అతను కదలలేదు. పక్కకి కూడా ఊగకుండా, బిగుసుకుని కూర్చున్నాడు.

మర్నాటి నుంచి పూతలు బూ వేశాడు. కియెమ్ మెట్ల మీద కుర్చీ వేసుకుని, నిద్రపోకుండా, తప్పులు పట్టాడు. నాలుగో రోజుకు మూడు పూతలూ అయ్యాయి. చేపకన్ను ఒక్కటి లేదు. అయిదు రోజులు కిటికీలు తెరిచే ఉంచారు. ఉయెన్ శుక్రవారం వచ్చి, నేలకు ముక్కు ఆనించి, “ఏ వాసనా లేదు” అంది. శనివారం కున్ వచ్చింది. సెన్ దాని అరికాళ్ళకు పచ్చమందు రాయబోతే డాక్టరు వద్దన్నాడని ఉయెన్ సీసా లాక్కుంది. డాక్టర్లు కియెమ్‌నూ చూశారు. తలకు తీగలు పెట్టి ఒక రాత్రి పడుకోబెట్టారు. ఏయే పూతలు, ఎన్నేళ్ళు అని అడిగి రాసుకున్నారు. అది కారణమేనా అంటే కావచ్చు, కాకపోవచ్చు అన్నారు. మాత్రలిచ్చారు. కొంత తగ్గిందనే అందరూ అనుకున్నారు.

వసంతం వచ్చాక మూడో అంతస్తు తలుపు ముందున్న పలకలు అరిగాయని బూ వాటిని గీకి కొత్త పూత వేయడానికి వచ్చాడు. ఉదయం గీకాడు. మధ్యాహ్నం కియెమ్ అరికాళ్ళకు మందు రాయించుకుని కునుకు తీస్తుంటే, బూ పెరట్లో కూర్చుని సెన్ పెట్టిన నూడుల్స్ తిన్నాడు. మూడింటికి పూత లాగి, వెనక్కి రెండు మెట్లు దిగి, చూసి, చెయ్యి ఊపి కియెమ్‌ను పిలిచాడు.

గడియ పెట్టిన తలుపుకు ఎదురుగా, జానెడు దూరంలో, రెండు పాదాలు పక్కపక్కనే. బొటనవేళ్ళు బయటికి తిరిగి. చుట్టూ పూత వెనక్కి జరిగి, చిన్న చిన్న కళ్ళు అన్నీ పైకి చూస్తున్నాయి. గడప మీద గానీ, దాని అవతల గానీ ఏమీ లేదు.

“రేపు ఆరాక రుద్దేస్తాలే అన్నా,” అన్నాడు బూ. “థిన్నర్ కారులో ఉంది.”

కియెమ్ మెట్ల మీద వంగి, చెంప పలకకు దగ్గరగా పెట్టి, చాలాసేపు చూశాడు. ముప్పై రెండేళ్ళలో ఏ లోపాన్నీ అంతసేపు అతను ఊరికే చూసి ఉండడు.

“వద్దు. ఉండనీ.”

“లోపాన్ని వదిలేస్తావా నువ్వు?”

“ఎక్కడిదాకా వస్తున్నానో నాకు కనబడాలి.”

మర్నాడు రెండో పూతను బూ దాని మీదుగానే లాగాడు. లోపల కున్ ఏదో కూస్తోంది, ఉయెన్ దాన్ని ఊపుతోంది. చెక్క సన్నగా చప్పుడు చేస్తోంది, ఎడమవైపుకు, కుడివైపుకు. బయట మెట్ల మీద కియెమ్ తన రెండు చేతులూ మోకాళ్ళ కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నంత గట్టిగా నొక్కుకుని, ఆ చప్పుడు ఆగేదాకా విన్నాడు.